కోసింది కత్తెర, కారణం ప్రమాదం: రైడింగ్ గేర్ బీమాపై ఒక కేస్ స్టడీ

బైకు నడిపేటప్పుడు ఒంటిమీద వేసుకునే రైడింగ్ గేర్‌కు రూ. 85,000 క్లెయిమ్ చేస్తే, నష్టం లెక్కగట్టడానికి వచ్చిన బీమా సర్వేయర్ మొదట తేల్చింది రూ. 8,600. చివరికి రైడరు ఖాతాలో పడింది రూ. 50,017. ఈ మూడు అంకెల మధ్య ఏం జరిగిందో రాయడానికి ఆ రైడరు ఒప్పుకున్నారు, తనను గుర్తుపట్టే వివరాలు మాత్రం వద్దన్నారు. బీమా సంస్థ పేరు కూడా నేను రాయడం లేదు. ఈ చిక్కు ఒక్క సంస్థది కాదు.

నేను బెంగళూరులో ఒక బీమా బ్రోకింగ్ కార్యాలయంలో క్లెయిముల పని చూస్తాను. ఆదివారం తెల్లవారుజామున హెబ్బాళ వంతెన దాటి దేవనహళ్లి వైపు సాగే అడ్వెంచర్ బైకుల్లో తెలుగువాళ్లవి చాలానే ఉంటాయి. లేపాక్షి, హార్స్‌లీ హిల్స్, గండికోట, ఇటు సకలేశపుర, బిస్లె ఘాట్ వాళ్లకు అలవాటైన దారులు. బైకు హిమాలయన్ అయినా, ఎక్స్‌పల్స్ అయినా, 390 అడ్వెంచర్ అయినా, దాని మీద కూర్చున్న మనిషి ఒంటిమీద హెల్మెట్ నుంచి బూట్ల దాకా ఉన్నదంతా కలిపితే చాలామంది విషయంలో యాభై వేలు దాటుతుంది. బైకుకు బీమా ఉందా అని అడిగితే ఉందంటారు. ఒంటిమీదున్న సరుకుకు ఉందా అంటే, ‘అదీ అందులోనే వస్తుంది కదా!’ అంటారు. అందులో రాదు. విడిగా కవర్ తీసుకున్నా అనుకున్నంత సులువుగా రాదు.

ఎందుకు రాదో ఈ కేసు బాగా చూపిస్తుంది. ప్రమాదంలో తన పని సరిగ్గా చేసిన గేర్ ఆ ఒక్క దెబ్బతో చాలావరకు ఖర్చయిపోతుంది. బయటికి బాగానే కనబడినా మళ్లీ వాడకూడదు. వాహన బీమా మాత్రం కంటికి కనబడే సొట్టను, విరుపును కొలవడానికి అలవాటు పడింది. గొడవంతా అక్కడే మొదలవుతుంది.

ప్రమాదం

రైడరుది అనంతపురం. మారతహళ్లిలో కాపురం, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. బైకు కొని ఏడాది దాటి రెండు నెలలైంది. మిత్రులతో కలిసి గండికోట బయల్దేరారు. జాతీయ రహదారి 44 వదిలి గోరంట్ల, కదిరి, పులివెందుల మీదుగా ముద్దనూరు వైపు వెళుతూ, మధ్యలో తారు రోడ్డు దిగి కొంతదూరం మట్టి దారి పట్టారు. ఒక మలుపులో కంకర మీద ముందు చక్రం జారింది. బైకు కుడివైపుకు పడింది. ఆయన రెండు అరచేతులూ నేలకు ఆన్చి జారుతూ వెళ్లారు. కుడి భుజం నేలకు కొట్టుకుంది, తల దారి పక్కనున్న రాయికి తగిలింది, కుడి పాదం బైకు కింద ఇరుక్కుంది.

కాలర్ బోన్ విరిగింది. తలకు ఏమీ కాలేదు. చీలమండ వాచింది గానీ ఎముక విరగలేదు. మిత్రులు దగ్గరి పట్టణంలోని ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడి అత్యవసర విభాగం సిబ్బంది భుజాన్ని కదిలించకుండా ఉండడానికి జాకెట్టు కుడి చేతిని మణికట్టు నుంచి కాలరు వరకు కత్తెరతో కోసి తీశారు. వాళ్లు చేయవలసిందే చేశారు. విరిగిన ఎముక ఉన్న మనిషికి జాకెట్టు చేతులెత్తి విప్పడం ప్రమాదకరం.

ఆ రోజు అందరికంటే ముందుచూపుతో పనిచేసింది బృందంలోని ఒక కుర్రాడు. కోసిన జాకెట్టును ఆసుపత్రి చెత్తబుట్టలోకి పోనివ్వకుండా సంచిలో వేసుకున్నాడు. వరండాలో ఒక్కొక్క వస్తువునూ పరిచి ఫోనులో ఫొటోలు తీశాడు. బీమా గురించి ఆలోచించి కాదు, ‘అన్నకు చూపిద్దామని’ తీశాడట. తరువాత మేము రాసిన ప్రతి ఉత్తరానికీ ఆ ఫొటోలే ఆధారం. వస్తువు చేతిలో లేకపోతే దాని మిగులు విలువ, అంటే సాల్వేజ్, తనకు దక్కలేదని సంస్థ అడ్డు చెప్పవచ్చు. ఆ వాదనకు ఇక్కడ తావు లేకుండా పోయింది.

పాలసీలో ఏముంది, ఏం లేదు

2018 సెప్టెంబరు నుంచి కొత్త ద్విచక్ర వాహనం కొంటే ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరిగా వస్తుంది. ఓన్ డ్యామేజ్ భాగాన్ని చాలామంది ఏడాదికే తీసుకుంటారు, రెండో ఏడాది నుంచి విడిగా కొనుక్కోవాలి. మన రైడరు అలాగే కొన్నారు. ఓన్ డ్యామేజ్ భాగం కాపాడేది వాహనాన్ని, వాహనానికి బిగించి ఉన్న యాక్సెసరీలను. ఒంటిమీది జాకెట్టు వాహనానికి బిగించినది కాదు. యాక్సెసరీల దొంగతనం విషయంలోనూ ద్విచక్ర వాహన పాలసీ కఠినంగా ఉంటుంది. బైకుతోపాటు పోతేనే వర్తిస్తుంది, విడిగా పోతే లేదు. నంది కొండ పార్కింగులో అద్దానికి తగిలించిన హెల్మెట్ మాయమైతే ఈ పాలసీ కింద పైసా రాదు.

ఇక యజమాని-డ్రైవరుకు ఉండే రూ. 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా మరణానికి, శాశ్వత వైకల్యానికి మాత్రమే. విరిగిన కాలర్ బోన్‌కు అది పనికిరాదు. ఆసుపత్రి ఖర్చు ఆయన ఆరోగ్య బీమా నుంచి వచ్చింది. నన్ను అడిగితే డబ్బు పెట్టవలసిన వరుస కూడా అదే: ముందు ఆరోగ్య బీమా, తరువాత పెద్ద మొత్తానికి ప్రమాద బీమా, ఆ తరువాతే గేర్. మొదటి రెండూ లేకుండా గేర్‌కు కవర్ అడిగేవాళ్లను నేను వెనక్కి పంపుతాను.

ఈ రైడరుకు మొదటి రెండూ ఉన్నాయి. పైగా ఓన్ డ్యామేజ్ పాలసీ మీద రెండు అదనపు కవర్లు తీసుకున్నారు. ఒకటి జీరో డిప్రిసియేషన్, అంటే విడిభాగాలకు తరుగుదల కోత లేకుండా చెల్లించేది, రెండోది రైడింగ్ గేర్ కవర్. బ్రిటన్‌లో మోటార్‌సైకిల్ పాలసీలతో హెల్మెట్‌కు, లెదర్ దుస్తులకు కవర్ ఇవ్వడం మామూలే. మన దగ్గర అందరూ ఇవ్వరు, ఇచ్చేవాళ్ల నిబంధనలు ఒకదానితో ఒకటి పోలవు. ఈయన తీసుకున్న కవర్ ఇలా ఉంది: ఏడాదికి గరిష్ఠంగా రూ. 60,000. ఏ ఒక్క వస్తువుకైనా అందులో నాలుగో వంతు, అంటే రూ. 15,000 మించదు. బైకుకు ఓన్ డ్యామేజ్ క్లెయిమ్ ఆమోదం పొందితేనే గేర్ క్లెయిమ్ నడుస్తుంది. ధరించి ఉండగా ప్రమాదం వల్ల నేరుగా కలిగిన భౌతిక నష్టానికే వర్తిస్తుంది. ఎలక్ట్రానిక్ పరికరాలు మినహాయింపు. జతలో ఒకటి పాడైతే దాని వాటా మేరకే చెల్లింపు. ప్రతి క్లెయిములోనూ మొదటి రూ. 1,000 రైడరే భరించాలి. తరుగుదల ఎలా లెక్కించాలో మాత్రం ఒక్క ముక్క కూడా రాయలేదు.

మొదటి లెక్క

క్లెయిమ్ చేసిన వస్తువులు: హెల్మెట్ రూ. 14,500, జాకెట్టు రూ. 16,800, ప్యాంటు రూ. 11,200, బూట్లు రూ. 19,500, గ్లోవ్స్ రూ. 4,600, మోకాలి గార్డులు రూ. 6,400, హెల్మెట్‌కు తగిలించే ఇంటర్‌కమ్ రూ. 12,000.

సర్వేయర్ బైకును చూడడానికి వర్క్‌షాపుకు వచ్చినప్పుడే గేర్‌నూ చూశారు. అనుభవమున్న మనిషి, మర్యాదస్తుడు. కానీ ఆయన రోజూ చూసేది ఫోర్కులు, ట్యాంకులు, హెడ్‌లైట్లు. హెల్మెట్ మీద గీతలు తప్ప పగులు లేదని వైజర్ (ముఖం ముందుండే అద్దం) మార్చడానికి రూ. 1,800 రాశారు. జాకెట్టును కోసింది ఆసుపత్రి సిబ్బంది, ప్రమాదం కాదు కాబట్టి సున్నా. తుంటి దగ్గర చిరిగిన ప్యాంటుకు నైలాన్ కాబట్టి సగం, రూ. 5,600. బూటు బకిలుకు రూ. 1,200. గ్లోవ్స్‌కు బిల్లు లేదు, సున్నా. మోకాలి గార్డులకు నష్టం లేదు, సున్నా. ఇంటర్‌కమ్ మినహాయింపు, సున్నా. మొత్తం రూ. 8,600.

రైడరు భార్య నాకు ఫోను చేసి, ‘అన్నయ్యా, ఈ మాత్రం దానికి ఇన్ని కాగితాలు ఎందుకు, వదిలేద్దామా?’ అని అడిగారు. వదలవద్దన్నాను. సర్వే నివేదిక నకలు అడిగి తీసుకునే హక్కు పాలసీదారుకు ఉంది. ముందు అది తెప్పించాం. దాన్ని వరుసగా చదివితే ఇంటర్‌కమ్ విషయంలో, మోకాలి గార్డుల విషయంలో సర్వేయర్ రాసిందే సరైనది. మినహాయింపు స్పష్టంగా ఉంది, గార్డులకు గీత కూడా పడలేదు. ఆ రెంటినీ క్లెయిము నుంచి మేమే తీసేశాం. రాని దాని కోసం వాదిస్తే రావలసిన దాని బలం తగ్గుతుంది. మిగిలిన ఐదింటి కోసం కూర్చున్నాం.

హెల్మెట్ లోపల

హెల్మెట్‌లో ప్రాణం కాపాడేది పైనున్న గట్టి డొప్ప ఒక్కటే కాదు. దాని లోపల థర్మకోల్ పొర ఉంటుంది, ఎక్స్‌పాండెడ్ పాలీస్టైరీన్. దెబ్బ తగిలినప్పుడు ఆ పొర నలిగిపోతూ తలకు చేరవలసిన శక్తిని తాను మింగుతుంది. ఒకసారి నలిగితే మళ్లీ పూర్వస్థితికి రాదు. అదే చోట రెండో దెబ్బ తగిలితే ఆపడానికి అక్కడ ఏమీ మిగలదు. పై డొప్ప మాత్రం వంగి తిరిగి తన ఆకారానికి వచ్చేయవచ్చు. అందుకే బయటి నుంచి చూసి హెల్మెట్‌కు తీర్పు చెప్పకూడదు.

సర్వేయర్‌ను మరోసారి రమ్మని అడిగాం. హెల్మెట్ అమ్మిన దుకాణంలోనే, అక్కడి సర్వీసు మనిషి చేత ఆయన ముందు విప్పించాం. బుగ్గల దగ్గరి మెత్తలు రెండూ లాగాడు. తల చుట్టూ ఉండే నల్లటి గుడ్డ లైనింగు బటన్లు ఊడదీసి బయటికి తీశాడు. ఫోను టార్చి వెలుగు ఏటవాలుగా వేశాడు. కుడి చెవి పైన, నాలుగు వేళ్ల ఎత్తులో, థర్మకోల్ బొటనవేలితో నొక్కినట్టు లోపలికి దిగి ఉంది. ఆ గుంట అంచు నుంచి వెంట్రుక మందాన ఒక పగులు వెనక్కి పాకింది. ఎడమవైపు అదే చోట వేలు పెట్టి రాస్తే నునుపుగా ఉంది. సర్వేయర్ తానే రెండు వైపులా వేలితో తడిమి చూశారు. ‘మొదటిసారి వచ్చినప్పుడు నేను ఇది చూడలేదు’ అన్నారు. అక్కడికక్కడే ఫొటోలు తీసుకున్నారు.

దానికి తోడు తయారీదారు మాన్యువల్‌లో గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్‌ను మార్చాలని రాసిన పేజీని జతచేశాం. హెల్మెట్‌కు భారతీయ ప్రమాణం ఐఎస్ 4151 ప్రకారం ఐఎస్‌ఐ గుర్తు ఉంది, యూరప్ ప్రమాణానికి ఇచ్చే ఈసీఈ గుర్తూ ఉంది. ఇది చిన్న విషయం కాదు. 2021 జూన్ నుంచి మన దేశంలో ద్విచక్ర వాహన హెల్మెట్లకు బీఐఎస్ గుర్తు, అంటే ఈ ఐఎస్‌ఐ గుర్తే, తప్పనిసరి. విదేశాల నుంచి తెప్పించుకున్న ఖరీదైన హెల్మెట్‌కు ఆ గుర్తు లేకపోతే, అది ఎంత మంచిదైనా క్లెయిము సమయంలో ఒక ప్రశ్న తప్పదు. నా క్లయింట్లకు కొనేముందే స్టిక్కరు చూడమంటాను.

కత్తెర

జాకెట్టు విషయం నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది. ఎందుకంటే ఇది ఈ ఒక్క రైడరుకే వచ్చే చిక్కు కాదు. భుజమో, వెన్నో, కాలో విరిగిన ఎవరినైనా ఆసుపత్రికి తీసుకెళ్తే దుస్తులు కోయడం మామూలు. ఆ కోతను ప్రమాద నష్టం కాదంటే, గాయం పెద్దదైన కొద్దీ గేర్ బీమా పనికిరాకుండా పోతుంది.

బీమాలో సమీప కారణం అనే సూత్రం ఉంది. నష్టానికి కాలంలో దగ్గరగా ఉన్న సంఘటన ఏదని చూడరు, నష్టాన్ని నిజంగా నడిపించిన కారణం ఏదని చూస్తారు. దీనికి అందరూ చెప్పే తీర్పు 1918లో బ్రిటన్ ప్రభువుల సభ, అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం, ఇచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఇకారియా అనే నౌకకు టార్పెడో తగిలింది. దాన్ని లె ఆవ్ర్ రేవుకు చేర్చారు. అక్కడ గాలివానకు అటూ ఇటూ కొట్టుకుని చివరికి మునిగింది. ముంచింది సముద్రమా, టార్పెడోనా అన్నది ప్రశ్న. టార్పెడోనే అని తీర్పు వచ్చింది, దాని ప్రభావం ఆఖరు వరకూ తెగలేదు కాబట్టి. ఆ నౌకకు యుద్ధ నష్టాల కవర్ లేదు, అందువల్ల అక్కడ సూత్రం బీమా సంస్థకే మేలు చేసింది. ఇక్కడ అదే సూత్రం పాలసీదారుకు మేలు చేయాలి. అగ్ని బీమాలో రోజూ పాటించే ఆచారమూ ఇదే. మంటలు ఆర్పడానికి చల్లిన నీటికి తడిసి పాడైన సరుకును అగ్ని నష్టంగానే చెల్లిస్తారు.

ఉత్తరంలో ఇదే రాశాం. బైకు పడకపోతే ఎముక విరగదు, ఎముక విరగకపోతే కత్తెర అవసరం రాదు, మధ్యలో కొత్త కారణం ఏదీ చొరబడలేదు. ఆసుపత్రి డిశ్చార్జి కాగితంలో ‘భుజం కదలకుండా దుస్తులు కోసి తొలగించారు’ అన్న ఒక వాక్యం కావాలని డాక్టరు గారిని అడిగి రాయించుకున్నాం. ఆ ఒక్క వాక్యానికి చాలా విలువ ఉంది. ఆసుపత్రిలో ఉన్నప్పుడే అడిగితే సులువుగా రాసిస్తారు, నెల తరువాత వెళితే కష్టం.

సంస్థ ఇంకో మెలిక పెట్టింది. అలాంటి జాకెట్టు మార్కెట్లో ఆరు వేలకే దొరుకుతుందని ఒక ఆన్‌లైన్ ధర చూపింది. దీనికి జాకెట్టు లోపలి లేబులే జవాబు చెప్పింది. దాని మీద ఈఎన్ 17092-3 అని, డబుల్ ఏ తరగతి అని ఉంది. ఆ యూరోపియన్ ప్రమాణంలో గుడ్డ ఎంత వేగపు రాపిడిని తట్టుకుంటుంది, కుట్టు ఎంత బలానికి విడిపోతుంది అన్నదాన్ని బట్టి, ఎక్కువ రక్షణ నుంచి తక్కువకు, ట్రిపుల్ ఏ, డబుల్ ఏ, ఏ అని తరగతులు ఉంటాయి. భుజాల్లో, మోచేతుల్లో పెట్టిన ప్యాడ్లు ఈఎన్ 1621-1 లెవెల్ 2వి. అంటే 50 జౌల్స్ శక్తితో దెబ్బ కొట్టినప్పుడు అవతలికి చేరే బలం సగటున 20 కిలోన్యూటన్లు మించకూడదు. లెవెల్ 1లో 35 దాకా ఒప్పుకుంటారు. సంస్థ చూపిన ఆరు వేల జాకెట్టుకు ఏ తరగతీ లేదు. పోయినదానితో సమానమైనది ఇవ్వడమే నష్టపరిహారం కాబట్టి ధర మాట అక్కడితో ఆగింది. ఆ లేబుల్ చదవగలిగేలా ఉండడం మా అదృష్టం. ఉతికి ఉతికి చెరిగిపోయినవి నేను చాలా చూశాను. కొన్న రోజే దాని ఫొటో తీసి పెట్టుకోవాలి.

జాకెట్టు విడిభాగమా?

తరుగుదల దగ్గర అసలు లెక్క తారుమారైంది. వాహన పాలసీలో విడిభాగాలకు తరుగుదల పట్టిక ఉంటుంది. రబ్బరు, నైలాన్, ప్లాస్టిక్ భాగాలకు, టైర్లు ట్యూబులకు, బ్యాటరీకి 50 శాతం. ఫైబర్ గ్లాసు భాగాలకు 30 శాతం. మిగతా వాటికి వయసును బట్టి: ఆరు నెలలలోపు కోత లేదు, ఏడాదిలోపు 5 శాతం, రెండేళ్లలోపు 10, మూడేళ్లలోపు 15, అలా పెరుగుతూ పోతుంది. సర్వేయర్ ప్యాంటు లేబుల్ చూశారు, నైలాన్ అని ఉంది, 50 శాతం కోశారు. హెల్మెట్‌ను, జాకెట్టును ఒప్పుకున్నా ఇదే కోత పడేది.

ఇక్కడ సంస్థకు రెండే దారులు ఉన్నాయి. జాకెట్టు, ప్యాంటు, హెల్మెట్ వాహన విడిభాగాలైతే, ఆ పట్టిక వర్తిస్తుంది. అప్పుడు రైడరు విడిగా ప్రీమియం కట్టి తీసుకున్న జీరో డిప్రిసియేషన్ కవర్ కూడా వర్తించాలి, ఎందుకంటే అది ఆ పట్టికలోని కోతను మాఫీ చేయడానికే ఉంది. విడిభాగాలు కాకపోతే పట్టిక వర్తించదు. కోత కోసం విడిభాగం, మాఫీ కోసం దుస్తులు అనడం కుదరదు. ఉత్తరంలో ఈ పేరా ఒక్కటే మేము లావు అక్షరాల్లో పెట్టాం.

ఉత్తరాన్ని సంస్థ ఫిర్యాదుల అధికారికి పంపాం. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బీమా ఫిర్యాదులు తీర్చే అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. కర్ణాటకకు బెంగళూరులోనే కార్యాలయం ఉంది. రుసుము లేదు, వకీలు అవసరం లేదు, తిరస్కరణ తరువాత ఏడాదిలోపు వెళ్లాలి. ఆ విషయం ఉత్తరం చివర మర్యాదగా గుర్తుచేశాం. అంతదాకా రాలేదు. సంస్థ మధ్యేమార్గంగా వయసును బట్టి తరుగుదల తీసుకుంటామంది. పూర్తి మాఫీ కోసం పట్టుబట్టవచ్చు. కానీ వాడిన వస్తువుకు కొత్తదాని ధర ఇస్తామని ఆ గేర్ కవర్‌లో ఎక్కడా లేదు, వాడకానికి కొంత కోత న్యాయమే. 10 శాతానికి ఒప్పుకోమని నేనే రైడరుకు చెప్పాను.

జత

బూట్ల కథ వేరు. అవి అమెరికాలో ఉండే ఆయన బావ గారు కొని తెచ్చినవి. బిల్లు బావ గారి పేరు మీద, డాలర్లలో ఉంది. ఇలాంటి బిల్లులు మన ఇళ్లలో ఎన్ని ఉంటాయో అందరికీ తెలుసు. బీమాకు కావలసింది ఆ వస్తువు పోతే నష్టం ఎవరిదన్నది. బిల్లు మీద ఎవరి పేరుందన్నది దానికి ఒక రుజువు మాత్రమే. బావ గారి దగ్గర బహుమతిగా ఇచ్చినట్టు ఉత్తరం తీసుకుని, రెండేళ్ల కిందటి నుంచి రైడరు ఆ బూట్లతో ఉన్న ఫొటోలు తేదీలతో సహా పెట్టాం. సంస్థ ఒప్పుకుంది. ధర కూడా ఇక్కడి దుకాణంలో అదే మోడల్‌కు ఉన్న రూ. 19,500 తీసుకుంది.

నష్టం కుడి బూటుకే. చీలమండ దగ్గరి ప్లాస్టిక్ కీలు పగిలింది. ఎముక నిలబడింది ఆ కీలు వల్లే. ఎడమది నిక్షేపంగా ఉంది. ఒక్క బూటు ఎవరూ అమ్మరు, కాబట్టి జత మొత్తం పోయినట్టే అని వాదించాం. కానీ కవర్‌లో నిబంధన సూటిగా ఉంది: జతలో ఒకటి పాడైతే దాని వాటా మాత్రమే. ఇది బీమాలో పాత నిబంధన. నగలకు, పింగాణీ సెట్లకు పెట్టినదాన్ని కాళ్లకు తొడిగేవాటికి కూడా అంటించారు. రైడరుకు ఇది అన్యాయమని నా గట్టి అభిప్రాయం. అయినా సంతకం పెట్టిన పత్రంలో ఉన్నదాన్ని కాదనలేం. సగమే వచ్చింది.

గ్లోవ్స్ విషయంలో ఈ బాధ తప్పింది, రెండు అరచేతుల స్లయిడర్లూ (నేల మీద జారడానికి పెట్టే గట్టి ప్యాడ్లు) అరిగిపోయాయి కాబట్టి. వాటికి బిల్లు లేకపోయినా, పత్రాలు లేవన్న కారణంతో క్లెయిము తిరస్కరించకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మాస్టర్ సర్క్యులర్ చెబుతోందని గుర్తుచేశాం. బ్యాంకు స్టేట్‌మెంటులో చెల్లింపు ఉంది. లాల్‌బాగ్ రోడ్డు దుకాణదారు నకలు బిల్లు ఇచ్చారు. కొని నాలుగు నెలలే కాబట్టి కోత కూడా పడలేదు.

పోస్టరు తెచ్చిన తంటా

అన్నీ కుదిరాయనుకున్న దశలో సంస్థ ఇంకో ప్రశ్న వేసింది. ఆ ప్రయాణానికి మిత్రబృందం వాట్సాప్‌లో పంచుకున్న పోస్టరు మీద ‘గండికోట ఛాలెంజ్’ అని ఉంది. వాహన పాలసీ వ్యవస్థీకృత పందేలకు, వేగ పరీక్షలకు, వాహనం ఎంత నమ్మకంగా నడుస్తుందో చూసే రిలయబిలిటీ ట్రయల్స్‌కు వర్తించదు. మట్టి దారిలో నడపడం దానంతట అది మినహాయింపు కాదు, పోటీగా నడపడం మినహాయింపు. ప్రవేశ రుసుము లేదని, సమయం లెక్కించలేదని, బహుమతులు లేవని, దారిలో టిఫిన్‌కు, టీకి ఆగుతూ వెళ్లామని బృందంలో అందరూ సంతకాలు చేసి ఇచ్చారు. ఆ ప్రశ్న ముగిసింది. కానీ ఓన్ డ్యామేజ్ క్లెయిమ్ అక్కడ పడిపోయి ఉంటే దానితోపాటే గేర్ క్లెయిమూ పోయేది. సరదాకు పెట్టుకునే పేర్ల విషయంలో రైడింగ్ బృందాలు జాగ్రత్తగా ఉండాలి. భూటాన్, నేపాల్ వెళ్లేవాళ్లు ఇంకో విషయం చూసుకోవాలి. పాలసీ మామూలుగా భారతదేశంలోనే చెల్లుతుంది, ఆ దేశాలకు ముందుగా అదనపు ప్రీమియం కట్టి పొడిగించుకోవాలి.

తుది లెక్క

హెల్మెట్ 10 శాతం పోను రూ. 13,050. జాకెట్టు రూ. 15,120 కావాలి, వస్తువు పరిమితి వల్ల రూ. 15,000. ప్యాంటు రూ. 10,080. గ్లోవ్స్ రూ. 4,600. బూట్లు రెండేళ్లు దాటినవి కాబట్టి 15 శాతం పోను రూ. 16,575, అందులో సగం రూ. 8,287. మొత్తం రూ. 51,017లో రైడరు భరించే రూ. 1,000 తీసేస్తే రూ. 50,017.

క్లెయిము వల్ల నో క్లెయిమ్ బోనస్ పోతుందని రైడరు మొదట్లో వెనకాడారు. ఆ బోనస్ అంటే రెన్యువల్‌లో ఇచ్చే తగ్గింపు, ఓన్ డ్యామేజ్ ప్రీమియం మీదే లెక్కిస్తారు, ఒక ఏడాది క్లెయిము లేకపోతే 20 శాతం. ఆయన బైకుకు అది కొన్ని వందల రూపాయలు. యాభై వేల ముందు దాన్ని లెక్కలోకి తీసుకోనవసరం లేదు. బైకు నిదానంగా పక్కకు ఒరిగి ఒక్క గ్లోవ్ చిరిగిన సందర్భంలో మాత్రం నేను క్లెయిము వద్దంటాను.

రెన్యువల్

ఈసారి పాలసీ తీసుకునే ముందే సంస్థకు రాతపూర్వకంగా మూడు ప్రశ్నలు పంపాం. వైద్యం కోసం దుస్తులు కోస్తే అది ప్రమాద నష్టమేనా? ఒప్పుకుని ఎండార్స్‌మెంటు, అంటే పాలసీకి జతచేసే సవరణ పత్రం, ఇచ్చారు. దెబ్బ తిన్న హెల్మెట్‌ను పూర్తి నష్టంగా లెక్కిస్తారా? తయారీదారు మాన్యువల్‌లో మార్చమని ఉండి, లోపలి పొర నలిగినట్టు రుజువైతే లెక్కిస్తామన్నారు. అది చాలు. వయసు ప్రకారం తరుగుదలను కూడా అందులోనే రాయించాం. వాదించి గెలుచుకున్నదాన్ని మళ్లీ వచ్చే సర్వేయర్ ముందు మొదటి నుంచి వాదించాల్సిన అవసరం ఉండకూడదు. కవర్‌ను లక్షకు పెంచారు, దానితో ఒక్క వస్తువు పరిమితి రూ. 25,000 అయింది. ఖరీదైన గేర్ వాడేవాళ్లు మొత్తం పరిమితి కంటే ముందు ఈ వస్తువు పరిమితినే చూడాలి.

ఇంటర్‌కమ్‌కు వేరే దారి వెతుకుతున్నాం. కొన్ని గృహ బీమా పాలసీల్లో వెంట తీసుకెళ్లే వస్తువులకు ఆల్ రిస్క్ విభాగం ఉంటుంది. జాబితాలో పేరు, ధర రాయించి కట్టవచ్చు. అయితే తాళం వేయని చోట వదిలిన వస్తువుల దొంగతనానికి అవి చెల్లించవు, బైకు మీది సంచి తాళం వేసిన చోటు కిందికి రాదు. ఇది ముందే తెలిసి తీసుకోవాలి.

మూడో ప్రశ్న జత గురించి. బూట్లకు, గ్లోవ్స్‌కు ఆ నిబంధన తొలగించమని అడిగాం. కుదరదని బెంగళూరు శాఖ చెప్పింది. విడిగా ఒక్కటి అమ్మని వస్తువులకు దీన్ని ఎలా సమర్థిస్తారో చెప్పమని, పగిలిన కీలు ఫొటోతో సహా సంస్థ ప్రధాన కార్యాలయంలోని ఉత్పత్తుల విభాగానికి రాశాం. మా దగ్గర ఇదే కవర్ తీసుకున్న మిగతా రైడర్లు కూడా ఆ ఉత్తరం మీద సంతకం చేశారు. జవాబు కోసం చూస్తున్నాం. ఆ నిబంధన లేని కవర్ ఇంకో సంస్థ ఇస్తే, వచ్చే రెన్యువల్‌కు అందరినీ అక్కడికి మారుస్తాను.